1936లో చర్చిల్ ఎవరి పక్షాన నిలబడ్డాడు?

మీరు అడిగింది ఇది: 1936 డిసెంబర్‌లో ఎనిమిదో ఎడ్వర్డ్ గద్దె దిగిన గొడవలో విన్‌స్టన్ చర్చిల్ రాజు వెనక నిలబడ్డాడు కదా, అది నిజంగా విధేయతా, లేక ప్రధాని బాల్డ్విన్‌ను పడగొట్టడానికి దొరికిన సాకా? మీ దగ్గరున్న రెండు పుస్తకాలు చెరో మాట చెబుతున్నాయన్నారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా వేశారు: ఈ కథలో వచ్చే వాల్టర్ మాంక్టన్, మన నిజాంకు సలహాదారుగా ఉన్న మాంక్టన్ ఒకరేనా అని. నేను డిగ్రీ కాలేజీలో ఆధునిక యూరప్ చరిత్ర చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు సివిల్స్‌కు చదివే పిల్లలకు చెబుతుంటాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇది అడుగుతారు కాబట్టి కాస్త తీరిగ్గానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే విధేయతే. కుట్ర అనడానికి ఆధారాలు బలంగా లేవు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చర్చిల్ కాపాడాలనుకున్నది ఎడ్వర్డ్ సింహాసనాన్ని, ఎడ్వర్డ్ కాపాడుకోవాలనుకున్నది అప్పటికే పెళ్లయిన అమెరికన్ మహిళ వాలిస్ సింప్సన్‌తో తన పెళ్లిని. బయటికి ఇద్దరూ ఒకే జట్టులా కనిపించారు గానీ ఇద్దరికీ కావలసింది వేరు. మీ రెండు పుస్తకాలూ ఎందుకు కొట్టుకుంటున్నాయో దీంతో చాలావరకు తేలిపోతుంది.

ముందు తేదీలు చూద్దాం. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలతో రెండు గడుల పట్టిక గీయిస్తాను. ఎడమ గడిలో ఆ రోజు రాజు ప్రధానితో ఏమన్నాడు, కుడి గడిలో ఆ రోజుకు చర్చిల్‌కు ఏం తెలుసు. సగం వాదన ఆ పట్టికే తీర్చేస్తుంది.

ఐదో జార్జ్ 1936 జనవరి 20న చనిపోయాడు, ఎడ్వర్డ్ రాజయ్యాడు. అప్పటికే వాలిస్‌తో అతని స్నేహం లండన్ పెద్దమనుషులందరికీ తెలుసు, పత్రికలు మాత్రం నోరు మెదపలేదు. అక్టోబర్ 27న ఇప్స్‌విచ్ కోర్టులో ఆమెకు విడాకుల ప్రాథమిక డిక్రీ వచ్చింది. అప్పటి చట్టం ప్రకారం అది ఖాయం కావడానికి ఇంకో ఆరు నెలలు పట్టాలి, అంటే 1937 ఏప్రిల్ చివరికి. పట్టాభిషేకం మే 12న. నడుమ ఉన్నది రెండు వారాల సందు. బాల్డ్విన్‌కు టెన్షన్ పట్టుకున్నది అక్కడే.

నవంబర్ 16న రాజు బకింగ్‌హమ్ ప్యాలెస్‌లో బాల్డ్విన్‌ను పిలిచి, నేను ఆమెను పెళ్లి చేసుకుంటాను, కుదరదంటే వెళ్లిపోతాను అని చెప్పేశాడు. ఈ తేదీ కింద గీత పెట్టుకోండి. ఆ తరువాత మార్గనాటిక్ వివాహం అనే ఆలోచన వచ్చింది, అంటే ఆమె భార్య అవుతుంది గానీ రాణి కాదు. దానికి కొత్త చట్టం కావాలి. 1931 వెస్ట్‌మినిస్టర్ చట్టం తరువాత డొమినియన్లను (సామ్రాజ్యంలోని స్వయంపాలన దేశాలను) కూడా అడగాలి. బ్రిటిష్ మంత్రివర్గం ఒప్పుకోలేదు, ఆస్ట్రేలియా, కెనడా, దక్షిణాఫ్రికా కూడా సుముఖంగా లేవు. డిసెంబర్ 2న బాల్డ్విన్ ఆ దారి మూసుకుపోయిందని రాజుకు చెప్పాడు. మరునాడు పత్రికల్లో అంతా బయటపడింది. 10న రాజు నివాసం ఫోర్ట్ బెల్వడేర్‌లో ముగ్గురు తమ్ముళ్లు సాక్షులుగా రాజు పత్రం మీద సంతకం చేశాడు, 11న పార్లమెంటు చట్టం అయిపోయింది. రాజై ఏడాది కూడా నిండలేదు.

ఇక్కడ ఒక సంగతి సరిచేయాలి, చాలామంది నోట్సుల్లో ఇది తప్పుగా ఉంటుంది. విడాకులు తీసుకున్న స్త్రీని రాజు పెళ్లి చేసుకోకూడదని ఏ చట్టమూ అనలేదు. అప్పటి 1772 రాజ వివాహాల చట్టం రాజకుటుంబంలో మిగతావాళ్లు రాజు అనుమతి తీసుకోవాలంది, రాజును కట్టడి చేయలేదు. 1701 సెటిల్‌మెంట్ చట్టం అప్పట్లో అడ్డుకున్నది క్యాథలిక్‌తో పెళ్లిని (ఈ రెండు నియమాలూ 2015లో పోయాయి). ఎడ్వర్డ్‌ను ఆపినవి రెండు. ఒకటి, మంత్రుల సలహా మీదే రాజు నడవాలనే సంప్రదాయం. రెండు, ఇంగ్లండ్ చర్చికి ఆయనే పెద్ద, మాజీ భర్తలు బతికుండగా విడాకులు పొందిన స్త్రీకి మళ్లీ పెళ్లి చేయడాన్ని ఆ చర్చి అప్పట్లో ఒప్పుకునేది కాదు. మంత్రుల సలహా కాదని పెళ్లి చేసుకుంటే మంత్రివర్గం రాజీనామా చేస్తుంది. అప్పుడు కొత్త మంత్రివర్గాన్ని ఎవరు ఏర్పాటు చేస్తారు? చర్చిల్ పేరు వచ్చేది ఈ ప్రశ్న దగ్గరే.

కుట్ర వాదం ఏమంటుందో కూడా న్యాయంగా చెప్పాలి. నాతో పనిచేసిన ఒక లెక్చరర్ మిత్రుడు ఈ వాదానికి గట్టి భక్తుడు, స్టాఫ్ రూమ్‌లో మా ఇద్దరికీ ఎన్నోసార్లు అయింది. ఆయన మాట ఇది: చర్చిల్ 1929 నుంచి పదవి లేకుండా ఉన్నాడు. మన దేశానికి డొమినియన్ హోదా ఇస్తామన్నందుకు 1931 జనవరిలో పార్టీ నాయకత్వ బృందం నుంచి బయటికి వచ్చాడు. 1935 భారత ప్రభుత్వ చట్టానికి వ్యతిరేకంగా సొంత పార్టీతోనే పోరాడి ఓడిపోయాడు. బాల్డ్విన్ మంత్రివర్గంలోకి తీసుకోలేదు. అలాంటివాడికి రాజుకూ ప్రధానికీ చెడిందంటే అంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? పైగా పక్కన పత్రికాధిపతి లార్డ్ బీవర్‌బ్రూక్ ఉన్నాడు, ఆయనకు బాల్డ్విన్ అంటే ఒళ్లు మంట, ఆ సంగతి దాచుకున్నదీ లేదు. రాజు కబురు పెడితే అమెరికా వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు.

వినడానికి బాగుంటుంది. కాగితాలు పక్కన పెట్టి చూస్తే నిలవదు.

మొదటిది జూలై నాటి సంగతి. 1936 జూలై మొదట్లో రాజు తరఫున ఆయన న్యాయ సలహాదారు మాంక్టన్ వచ్చి, వాలిస్ విడాకులకు వెళితే ఎలా ఉంటుందని చర్చిల్‌ను అడిగాడు. వద్దన్నాడు చర్చిల్. ఆమెను బాల్మొరల్ కోటకు అతిథిగా పిలవడం కూడా మంచిది కాదన్నాడు. రాజు రెండూ వినలేదు. ఈ సలహా వాలిస్‌కు నచ్చలేదు కూడా. రాజును అడ్డం పెట్టుకుని ప్రభుత్వాన్ని పడగొట్టాలనుకునేవాడు ఆ గొడవ మొలకెత్తకుండానే తుంచేయమని ఎందుకు చెబుతాడు? నా లెక్కలో ఈ ఒక్కటీ చాలు.

రెండోది నవంబర్ 25. బాల్డ్విన్ ముగ్గురిని పిలిచి ఒకే ప్రశ్న అడిగాడు: మేము రాజీనామా చేస్తే మీరు మంత్రివర్గం ఏర్పాటు చేస్తారా? లేబర్ నాయకుడు అట్లీ చేయనన్నాడు. లిబరల్ నాయకుడు సింక్లేర్ చేయనన్నాడు. చర్చిల్ తన ధోరణి కాస్త వేరేనంటూనే ప్రభుత్వానికే మద్దతిస్తానన్నాడు. ఆ 'కాస్త వేరే' అన్న ముక్కను పట్టుకునే కుట్ర వాదం బతుకుతోంది. కానీ మద్దతు మాట ఇచ్చాడన్నది మరచిపోకూడదు.

మూడోది అంకెలు. 1935 నవంబర్ ఎన్నికల్లో నేషనల్ ప్రభుత్వానికి 429 సీట్లు వచ్చాయి, లేబర్‌కు 154. లేబర్, లిబరల్ రెండూ తలుపు వేసేశాక చర్చిల్ వెంట ఎంతమంది వచ్చినా సభలో బలం కుదరదు. ఎన్నికలకు వెళ్లాలి, అంటే రాజు పెళ్లి మీద దేశం చీలిపోవాలి. పార్లమెంటులో ముప్పై ఏళ్లకు పైగా నలిగినవాడికి ఈ లెక్క తెలియదనుకోను. అప్పట్లో 'కింగ్స్ పార్టీ' (రాజు పక్షం) అని పత్రికలూ క్లబ్బులూ గుసగుసలాడిన మాట నిజమే. మోస్లీ ఫాసిస్టులు రాజుకు మద్దతుగా వీధుల్లోకి వచ్చిన మాటా నిజమే. అయితే అది చర్చిల్ నడిపిన పార్టీ కాదు.

నాలుగోది, పోయేది ఎవరికి అన్న ప్రశ్న. సరిగ్గా ఆ నెలలోనే చర్చిల్ దశ తిరుగుతోంది. నవంబర్ 12న ఆయుధ సన్నద్ధత మీద కామన్స్‌లో ప్రభుత్వాన్ని కడిగేశాడు. అదే రోజు బాల్డ్విన్ లేచి, ఆ రోజుల్లో ఆయుధాల పేరుతో ఎన్నికలకు వెళితే ఓడిపోయేవాళ్లమని నోరుజారి ఒప్పుకున్నాడు. డిసెంబర్ 3న ఆల్బర్ట్ హాల్‌లో పెద్ద సభ. ట్రేడ్ యూనియన్ నాయకుడు సిట్రిన్ అధ్యక్షుడు. హిట్లర్‌కు ఎదురు నిలబడాలనే లేబర్, లిబరల్, కన్సర్వేటివ్ మనుషులు ఒకే వేదిక మీదికి వచ్చారు. చర్చిల్‌కు కావలసిన కూటమి అదే. అక్కడ కూడా రాజు విషయం ఎత్తబోతే సిట్రిన్ గట్టిగా వద్దన్నాడు. సొంత ఎదుగుదలే చూసుకునేవాడైతే ఆ వారం రాజు పేరు ఎత్తకుండా నోరు కట్టుకుని కూర్చుని ఉండేవాడు.

ఇప్పుడు అసలు నాలుగు రోజులకు వద్దాం, డిసెంబర్ 4 నుంచి 7 వరకు.

4వ తేదీ రాత్రి చర్చిల్ ఫోర్ట్ బెల్వడేర్‌లో రాజుతో భోంచేశాడు. ఇది బాల్డ్విన్ అనుమతితోనే జరిగిందని గమనించండి. రాజు బాగా నలిగిపోయి ఉన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండుసార్లు మాట తెగిపోయి శూన్యంలోకి చూశాడని మరునాడు చర్చిల్ స్వయంగా బాల్డ్విన్‌కు ఉత్తరం రాశాడు. డాక్టర్లు డాసన్‌ను, హార్డర్‌ను పిలిపించుకోమని రాజుకు చెప్పాడు. తొందరపడకండి, సమయం అడగండి అన్నాడు. శత్రువును పడగొట్టాలనుకునేవాడు ఆ శత్రువు అనుమతి అడిగి వెళ్లి, తిరిగొచ్చి రిపోర్టు రాయడు కదా.

చర్చిల్ వాదనలో న్యాయపరంగా పస ఉంది. వాలిస్‌కు విడాకులు ఖాయమయ్యేదాకా పెళ్లి అన్న మాటే లేదు. ఏప్రిల్ చివరిదాకా రాజ్యాంగ సమస్య తలెత్తదు. ఐదు నెలలు టైమ్ ఉండగా ఈ హడావుడి దేనికి? 6వ తేదీన పత్రికలకు ఇచ్చిన ప్రకటనలోనూ ఇదే, సమయం ఇవ్వండి, ఓపిక పట్టండి అని. దీని వెనక అతను పైకి చెప్పని ఆశ ఒకటి ఉంది. ఐదు నెలల్లో రాజుకు ఆ మోజు తగ్గుతుంది, లేదా వాలిస్సే తప్పుకుంటుంది, సింహాసనం నిలుస్తుంది.

కానీ రాజు? 5వ తేదీనే తప్పుకోవాలని తేల్చుకున్నాడు. మాంక్టన్ లండన్ వెళ్లి ఆ కబురు బాల్డ్విన్‌కు చెప్పాడు. బీవర్‌బ్రూక్‌కు కూడా అర్థమైపోయింది, 'మన పుంజు పందేనికి దిగదు' అని ఆ రోజే చర్చిల్‌తో అన్నాడు. (గోదావరి జిల్లాల వాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.) చర్చిల్ నమ్మలేదు. 6న ఆదివారం చార్ట్‌వెల్‌లోని తన ఇంట్లో సింక్లేర్‌తో, తన అనుచర ఎంపీ బూత్‌బీతో కూర్చుని ఒక సూత్రం తయారు చేశాడు: మంత్రుల సలహాకు విరుద్ధంగా పెళ్లి చేసుకోనని రాజు ఒక ప్రకటన చేయాలి. అది రాజుకు వెళ్లింది. ఆయన ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటాడు, ఆయనకు కావలసిందే ఆ పెళ్లి!

7వ తేదీ సోమవారం కామన్స్. మధ్యాహ్న భోజనం సభ నుంచి చర్చిల్ నేరుగా వచ్చాడు. వెనక్కి తీసుకోలేని అడుగు ఏదీ వేయబోమని సభకు మాట ఇవ్వండి అని బాల్డ్విన్‌ను అడగబోయాడు. సభ మొత్తం అరిచి కూర్చోబెట్టింది. అన్ని పక్షాలూ. స్పీకర్ కూడా నిబంధనలకు విరుద్ధం అన్నాడు. చర్చిల్ కోపంగా బయటికి వెళ్లిపోయాడు. లోపలేమో కక్షిదారు రాజీ పత్రం మీద సంతకం పెట్టేస్తుంటే బయట వకీలు జడ్జిగారిని వాయిదా కోసం బతిమాలినట్టయింది ఆయన పని. వారాంతమంతా కలిసి కూర్చుని సూత్రం రాసిన బూత్‌బీ, సభలో మాత్రం చర్చిల్ వేరే పాట ఎత్తుకున్నాడని మండిపడి, మిమ్మల్ని అభిమానించేవాళ్లు కూడా మిమ్మల్ని గుడ్డిగా అనుసరించలేని పరిస్థితి తెస్తున్నారు అనే అర్థంలో అదే రోజు ఉత్తరం రాశాడు. రెండేళ్లు ఓపికగా తిరిగి కట్టుకున్న పేరును ఐదు నిమిషాల్లో కూలదోసుకున్నాడని ఎంపీ హెరాల్డ్ నికల్సన్ డైరీలో రాసుకున్నాడు. కుట్ర చేసేవాడు సభ నాడి ఇంత ఘోరంగా పట్టుకోలేకపోవడం ఉండదు. వారాంతంలో ఎంపీలు తమ నియోజకవర్గాలకు వెళ్లి వచ్చారు, జనం బాల్డ్విన్ వైపే ఉన్నారని చూసి వచ్చారు. చర్చిల్ ఆ వారాంతం చార్ట్‌వెల్‌లో ఉన్నాడు. తేడా అంతే.

మూడు రోజుల తరువాత, 10న బాల్డ్విన్ తన జీవితంలోనే గొప్ప ప్రసంగాల్లో ఒకటి చేశాడు. ఆ తరువాత చర్చిల్ లేచి క్లుప్తంగా, హుందాగా మాట్లాడాడు. జరిగిందీ జరగనిదీ చరిత్రకు వదిలేద్దాం అన్నాడు. ఈ ప్రసంగంతో కొంత పరువు తిరిగొచ్చింది. 11న ఎడ్వర్డ్ ఫోర్ట్ బెల్వడేర్‌లో రేడియో ప్రసంగం సిద్ధం చేసుకుంటుంటే చర్చిల్ అక్కడే భోంచేసి, ఆ ప్రసంగంలో కొన్ని వాక్యాలకు మెరుగులు దిద్దాడు. ప్రసంగం మొత్తం చర్చిల్ రాశాడని కొందరంటారు, అది తప్పు. ముసాయిదా ఎడ్వర్డ్, మాంక్టన్ కలిసి రాసుకున్నది. అదే రోజు సభలో వామపక్ష ఎంపీ జేమ్స్ మాక్స్‌టన్ అసలు రాజరికమే వద్దంటూ సవరణ పెడితే 403 ఓట్లకు 5 ఓట్లతో వీగిపోయింది. రాజు మారినా రాజరికానికి గీత కూడా పడలేదన్నమాట.

మరి ఇంతగా ఎందుకు కట్టుబడ్డాడు? నాకు మూడు కారణాలు కనిపిస్తాయి, వాటిలో ఒకటే బరువైంది.

1911 జూలై 13న కెర్నార్వన్ కోటలో పదిహేడేళ్ల ఎడ్వర్డ్‌ను ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌గా ప్రకటించినప్పుడు, హోం మంత్రిగా ఆ బిరుదులు చదివింది చర్చిలే. కుర్రాడిగా ఉన్నప్పటి నుంచి చూసినవాడు. పాత కథ కూడా ఒకటుంది. చర్చిల్ తండ్రి లార్డ్ రాండాల్ఫ్ 1876లో అప్పటి యువరాజుతో (తరువాత ఏడో ఎడ్వర్డ్) ఒక కుటుంబ వివాదంలో తలపడి, ఆ దెబ్బకు సంసారం మొత్తం డబ్లిన్‌కు మకాం మార్చాల్సి వచ్చింది. రాజకుటుంబంతో పేచీ అంటే ఏమిటో ఆ ఇంటి పిల్లాడికి తెలుసు. ఈ రెండూ నేను పెద్దగా పట్టించుకోను.

బరువైన కారణం చర్చిల్ బుర్రలో రాజరికం ఉన్న తీరు. బాల్డ్విన్‌కు రాజు అంటే ఒక పదవి. అందులో కూర్చున్నవాడు పదవి నియమాలకు లొంగాలి, లొంగకపోతే పదవిని కాపాడటానికి మనిషిని మార్చాలి. చర్చిల్‌కు కిరీటమూ, దాన్ని పెట్టుకున్న తలా విడివిడిగా కనిపించేవి కావు. ఎంపీలు చేసే ప్రమాణంలో 'రాజుకు, ఆయన వారసులకు, చట్టం ప్రకారం' అని ఉంటుంది. ఒకసారి క్లాసులో ఒక అమ్మాయి లేచి, సార్, బాల్డ్విన్ ఆ ప్రమాణంలో చివరి ముక్క పట్టుకున్నాడు, చర్చిల్ మొదటి ముక్క పట్టుకున్నాడు అంది. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఇద్దరూ విధేయులే. రాజ్యాంగం లెక్కలో మాత్రం బాల్డ్విన్‌ది ఒప్పు, చర్చిల్‌ది తప్పు. చర్చిల్ భార్య క్లెమెంటైన్ మొదటి నుంచీ అదే చెబుతూ వచ్చింది. 1937 మే 12న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఎడ్వర్డ్ తమ్ముడు ఆరో జార్జ్ పట్టాభిషేకం చూస్తూ చర్చిల్ కళ్ల నీళ్లతో ఆమె వైపు తిరిగి, నువ్వన్నదే నిజం, ఆ ఇంకొకాయన పనికొచ్చేవాడు కాదు అన్నాడట.

నష్టం ఎంత అని మీరు అడగలేదు, కానీ పరీక్షలో అడుగుతారు. ఈ గొడవ వల్లే చర్చిల్ 1939 దాకా పదవికి దూరమయ్యాడని రాయకండి, అది అతి. బాల్డ్విన్ తరువాత ప్రధాని అయిన చేంబర్లిన్ ఆయన్ను పక్కన పెట్టడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, మ్యూనిక్ గొడవ వాటిలో పెద్దది. నిజంగా దెబ్బ తిన్నది ఆల్బర్ట్ హాల్‌లో మొదలైన ఆ కూటమి ఊపు. ఇతని తూకం మీద నమ్మకం పెట్టుకోవచ్చా అన్న అనుమానం మళ్లీ మొదలైంది. కొత్త రాజు దంపతులకు కూడా కొంతకాలం ఇతనంటే పడలేదు, 1940 మేలో ప్రధాని పదవికి రాజు మనసులో ఉన్నది విదేశాంగ మంత్రి హాలిఫాక్స్. అయితే 1937 మేలోనే చర్చిల్ రాసిన అభినందన ఉత్తరానికి ఆరో జార్జ్ చేతిరాతతో ఆప్యాయంగా జవాబిచ్చాడు, మా అన్నకు మీరెంత అండగా ఉన్నారో తెలుసంటూ. పూర్తిగా చెడలేదు.

1940 జూలై సంగతి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు, ఎందుకంటే విధేయత పరీక్షకు నిలబడింది అప్పుడే. ఫ్రాన్స్ పడిపోయింది. డ్యూక్ ఆఫ్ విండ్సర్ అయిన ఎడ్వర్డ్ భార్యతో స్పెయిన్ చేరాడు, ఆ తరువాత లిస్బన్. ఇంటికి రమ్మంటే, ముందు నా భార్యకు రాజకుటుంబంలో తగిన గుర్తింపు ఇవ్వండి అని బేరం పెట్టాడు. అప్పటికి ప్రధాని అయిన చర్చిల్ పంపిన తంతి చూడాలి: మీరు సైన్యంలో హోదా ఉన్న అధికారి, ఆజ్ఞ పాటించకపోతే పరిస్థితి తీవ్రంగా ఉంటుంది అని. అంటే కోర్టు మార్షల్ అని నోటితో అనకుండా అనడమే. జర్మన్లు ఆయన్ను తమ వైపు తిప్పుకోవడానికి షెలెన్‌బర్గ్ అనే గూఢచారి అధికారిని లిస్బన్ పంపారు కూడా. చర్చిల్ మాంక్టన్‌ను పంపి నచ్చజెప్పించి, ఆగస్టు 1న ఓడ ఎక్కించి బహమాస్ గవర్నర్‌గా తోలేశాడు. 1936లో ఎడ్వర్డ్ కోసం పరువు పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు సింహాసనం మీద ఉన్న తమ్ముడి కోసం అదే ఎడ్వర్డ్‌ను బెదిరించాడు. సొంత లాభమే అతని దారి అయితే ఈ రెండూ పొసగవు. కిరీటం ఎవరి తల మీదుంటే వాళ్ల పక్షం అనుకుంటే రెండూ చక్కగా అతుకుతాయి.

అలాగని పాత స్నేహం చెరిగిపోలేదు. లిస్బన్ వ్యవహారం ఉన్న జర్మన్ కాగితాలను ప్రచురించబోతుంటే, 1953లో మళ్లీ ప్రధానిగా ఉన్న చర్చిల్ వాటిని ఆపమని ఐసన్‌హవర్‌కు రాశాడు. అవి చివరికి 1957లో అచ్చయ్యాయి. అదే 1953లో రాకుమారి మార్గరెట్, విడాకులు తీసుకున్న పీటర్ టౌన్‌సెండ్‌ను పెళ్లాడాలనుకుంటోందని తెలిసినప్పుడు చర్చిల్ మొదట పాత ధోరణిలోనే ప్రేమకు అడ్డు రాకూడదని మొదలుపెట్టాడట. మళ్లీ ఆ 1936 కథ మొదలెడితే నేను ఇల్లు వదిలి బ్రైటన్ వెళ్లిపోతా అని క్లెమెంటైన్ హెచ్చరించిందని ఆయన ప్రైవేట్ సెక్రటరీ కాల్విల్ రాసిపెట్టాడు. అప్పటికి కూడా మారలేదు మనిషి.

ఇక మీ రెండో ప్రశ్న. అవును, ఆ మాంక్టన్, ఈ మాంక్టన్ ఒకరే. ఆక్స్‌ఫర్డ్‌లో చదివేటప్పుడే ఎడ్వర్డ్‌తో పరిచయం, 1932 నుంచి యువరాజు ఎస్టేటు అయిన డచీ ఆఫ్ కార్న్‌వాల్‌కు అటార్నీ జనరల్. ఆ దశాబ్దంలోనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు రాజ్యాంగ సలహాదారు అయ్యాడు. 1935 చట్టం కింద సంస్థానాలు ఫెడరేషన్‌లో చేరాలా వద్దా అనే బేరం నడుస్తున్న రోజులవి, నిజాంకు లండన్‌లో మంచి వకీలు అవసరం. 1936 డిసెంబర్‌లో రాజుకూ ప్రధానికీ నడుమ తిరిగిన మనిషి ఇతనే. విచిత్రం ఏమిటంటే రెండు వైపులా ఎవరూ ఇతన్ని అనుమానించలేదు. ఆరో జార్జ్ రాజయ్యాక మొదట సర్ బిరుదు ఇచ్చింది ఇతనికే, 1937 జనవరి 1న. ఓడిపోయిన రాజు వకీలును గెలిచిన రాజు సత్కరించాడంటే ఆ మనిషి నడిచిన తీరు అర్థం చేసుకోవచ్చు. నన్నడిగితే ఆ గొడవలో విధేయత అంటే ఏమిటో అందరికన్నా బాగా తెలిసినవాడు మాంక్టనే. రాజు చెప్పింది ప్రధానికి ఉన్నదున్నట్టు చెప్పాడు, ప్రధాని చెప్పింది రాజుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజు కోరికను తన కోరికగా మార్చుకోలేదు. చర్చిల్‌కు చేతకానిది అదే.

హైదరాబాద్‌లో మాత్రం ఆ నేర్పు సరిపోలేదు. 1947లో నిజాం తరఫున మాంక్టన్, ఛత్తారీ నవాబు, సర్ సుల్తాన్ అహ్మద్ కలిసి భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం ముసాయిదా సిద్ధం చేశారు. అక్టోబర్ 27న బృందం ఢిల్లీ బయల్దేరాల్సిన రోజు తెల్లవారుజామున ఇత్తెహాద్ (మజ్లిస్) పార్టీ మనుషులు వాళ్ల ఇళ్లను చుట్టుముట్టి కదలనివ్వలేదు. నిజాం ఆ పార్టీ నాయకుడు ఖాసిం రజ్వీ మాటకే లొంగాడు. ముగ్గురూ రాజీనామా చేశారు. నవంబర్ 29న వేరే బృందంతో దాదాపు అదే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1948లో మాంక్టన్ మళ్లీ వచ్చి, పాత మిత్రుడు మౌంట్‌బాటన్‌తో కలిసి చివరి రాజీ ప్రయత్నం చేశాడు. జూన్‌లో అది కూడా నిజాం కాదనడంతో వెళ్లిపోయాడు. సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైంది, ఐదు రోజుల్లో ముగిసింది.

మీ ప్రశ్నలో లేని చిన్న ముక్క ఒకటి: ఆ ఏడాది లండన్ పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడిగా హైదరాబాద్ కోసం గొంతెత్తినవాడు చర్చిల్. నిజాం బిరుదుల్లో 'బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు' అని ఒకటుండేది. అలాంటివాడిని గాలికి వదిలేస్తామా అన్నది ఆయన బాధ. ప్రధాని కుర్చీలో ఉన్నది అట్లీ, 1936లో మంత్రివర్గం ఏర్పాటు చేయనని బాల్డ్విన్‌కు మాట ఇచ్చిన అట్లీనే. చర్చిల్ వాదన సభలో ఈసారి కూడా నెగ్గలేదు.

చదవడానికి ఏం పెట్టుకోవాలని అడుగుతారేమో, ముందు కామన్స్ చర్చల నమోదు హాన్సార్డ్‌లో 1936 డిసెంబర్ 7, 10 తేదీలు చదవండి. ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 7వ తేదీది చాలా చిన్నది, చర్చిల్‌ను ఎలా ఆపేశారో అందులోనే కనిపిస్తుంది. ఆ తరువాత మీ రెండు పుస్తకాల్లో జూలై 1936 నాటి సలహా గురించి ఎవరు రాశారో, ఎవరు వదిలేశారో చూసి, ఇక్కడే కింద రాయండి.